ఎడమకాలి కుట్టు

వీధి వీధంతా ఆమెను సూదమ్మ అనేది. ముప్ఫై రెండేళ్ళు బట్టలు కుట్టిన మనిషిని మరేమంటారు. స్కూలు పిల్లల యూనిఫారాల దగ్గర్నుంచి వకీళ్ళ నల్లకోట్ల దాకా ఆమె మిషను కింద నలగని బట్ట లేదు. అన్నిటికన్నా చిరుగులు కలపడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. నిప్పురవ్వ పడి కాలిన కోటు తెచ్చిస్తే నాలుగు రోజుల్లో తిరిగి ఇచ్చేది. కాలింది ఎక్కడో కోటు గలాయనకే అంతు చిక్కేది కాదు. తన చేతిలో ఏముందో సూదమ్మకు బాగా తెలుసు. తెలిసినదాన్ని మనసులో దాచుకునే అలవాటు మాత్రం ఆమెకు ఎన్నడూ లేదు.

రెడీమేడ్ బట్టలు వచ్చాక కొట్టు మూతపడింది. మిషను పడకగదిలో ఓ మూలకి చేరింది. దాని మీద దుప్పటి, దుప్పటి మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల గుట్ట. సూదమ్మ ఖాళీగా కూర్చుంది. ఖాళీగా కూర్చోవడం చేతకాక ఇంట్లోవాళ్ళ పనులకి వంకలు పెట్టడం మొదలెట్టింది. కొడుకు బస్సు నడుపుతాడు కాబట్టి పొద్దున్నే తప్పించుకునేవాడు. దొరికేది కోడలే.

కోడలి పని ఇంటి వెనక రేకుల షెడ్డులో. ఉన్నితో ఫెల్టు చేస్తుంది. అందులో నేత లేదు, అల్లిక లేదు, కుట్టు లేదు. దువ్విన ఉన్నిని పల్చగా పరిచి, వేడి సబ్బునీళ్ళు చల్లి, రుద్ది, చుట్టి, దొర్లించి, పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి గుడ్డ అయ్యేదాకా వదలకపోవడమే ఆ పని. సూదమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ముక్కు మీద వేలేసుకునేది.

"సూదీ లేదు, దారమూ లేదు. గొర్రెకి స్నానం చేయిస్తున్నట్టుంది," అనేది.

"అంతే అత్తయ్యా. కాకపోతే గొర్రె లేదు," అనేది కోడలు చెయ్యి ఆపకుండా.

అలాంటి సూదమ్మ ఆ షెడ్డులోకే పని నేర్చుకోవడానికి వెళ్ళాల్సి వచ్చింది. పాదాల ఆసుపత్రి నర్సు ఒకావిడ కోడలికి పెద్ద పని అప్పజెప్పింది. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకి మామూలు చెప్పులు పనికిరావు. లోపల చిన్న ముడి ఒత్తుకున్నా వాళ్ళకి తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. అందుకని ఒక్క కుట్టు కూడా లేకుండా, పాదం చుట్టూ ఒకే గుడ్డగా ఉండే ఉన్ని చెప్పులు కావాలంది. కోడలు సరేనంది గాని, నెల తిరిగేసరికి ఆమె మణికట్లు వాచిపోయాయి.

"అత్తయ్యా, కాస్త చెయ్యి కలుపుతారా," అని అడిగింది ఒక పొద్దున.

"దానికేముందిలే. రెండు రోజులు చూస్తే వచ్చేస్తుంది," అంది సూదమ్మ. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు.

కోడలు మొదటిరోజే అన్నీ విడమర్చి చెప్పింది. పాదం ఆకారంలో కత్తిరించిన ప్లాస్టిక్ రేకు ముందు బల్ల మీద పెట్టాలి. అది పాదం కన్నా బాగా పెద్దది, ఉన్ని దగ్గరపడుతుంది కాబట్టి. దాని మీద ఉన్నిని వేళ్ళతో లాగి పొరలుగా పరవాలి, ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం. ఉన్ని రేకు అంచు దాటి నాలుగు వేళ్ళ మేర బయటికి రావాలి. తిరగేసినప్పుడు ఆ బయటి ఉన్నిని ఇటువైపు మడిచి, దాని మీద మళ్ళీ పరవాలి. అలా రెండు వైపులూ కలిసి అతుకు లేని సంచి అవుతుంది. చివర్లో పైన నోరు కోసి రేకు లాగేస్తే చెప్పు మిగులుతుంది.

"ఇంకో మాట అత్తయ్యా. వీటిల్లోకి సూది రాకూడదు. పాడైతే పక్కన పడేద్దాం, మళ్ళీ చేద్దాం. కుట్టి మాత్రం బాగుచెయ్యం," అంది.

సూదమ్మకి ఆ మాట తననే అన్నట్టు తోచింది. చివుక్కుమంది. పైకి మాత్రం తలూపింది.

మొదటి వారం సూదమ్మకి నరకంగా గడిచింది. ఇస్త్రీ పెట్టె తోసినంత బలంగా రుద్దితే పొరలన్నీ పక్కకి జారిపోయాయి. నీళ్ళు ఎక్కువ పోస్తే ఉన్ని తేలిపోయింది. నీళ్ళు తగ్గిస్తే ఉండలు కట్టింది. వీధిలో ఎవరికి ఏ కొలత సరిపోతుందో చూపుతోనే చెప్పగలిగిన మనిషి, చంటిపిల్లలా సబ్బునురుగులో చేతులు పెట్టుకుని దిక్కులు చూసింది. కోడలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "పర్లేదు అత్తయ్యా, మొదట్లో అందరికీ ఇంతే," అనేది. విసుక్కున్నా బాగుండేదని సూదమ్మ అనుకుంది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, తాను వంకలు పెట్టిన పిల్ల చేత పర్లేదు అనిపించుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. తిండి కూడా తల వంచుకునే తింది.

పదో రోజున కోడలు కొలతలు తీసుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఒంటరిగా ఒక జత చేసి చూపించాలని సూదమ్మ నడుం బిగించింది. ఉన్ని బాగా పరిచింది, పొరలు చక్కగా కుదిరాయి. అయితే అక్కడే ముప్ఫై రెండేళ్ళ అలవాటు పని చేసింది. రేకు అంచు దాటి ఉన్ని తీరూ తెన్నూ లేకుండా వేలాడుతుంటే ఆమె కన్ను ఊరుకోలేదు. నమూనా దాటి బట్ట మిగిలితే ఏ దర్జీ అయినా ఏం చేస్తాడు? కత్తెర తీసి చుట్టూ తీరుగా కత్తిరించేసింది. కుడికాలి దానికి భయపడుతూ కొంచెమే తీసింది. ఎడమకాలి దానికి చెయ్యి తిరిగింది కాబట్టి అంచు దాకా శుభ్రంగా తీసేసింది. చూడముచ్చటగా ఉందని మురిసిపోయింది కూడా.

రుద్దింది, చాపలో చుట్టి వందలసార్లు దొర్లించింది. నోరు కోసి రేకులు లాగేసి, వేడినీళ్ళలో ముంచి బల్లకేసి కొట్టింది. కుడికాలిది బొద్దుగా, గట్టిగా వచ్చింది. ఎడమకాలిది కూడా వచ్చింది గాని, చిటికెనవేలి పక్క అంచు మూడు అంగుళాల మేర నోరు తెరిచింది. మడవడానికి అక్కడ ఉన్నే లేదు, రెండు వైపులూ కలుసుకోనే లేదు.

కోడలు ఎక్కే బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. బల్ల మీద ఆ చెప్పుని అలాగే వదిలేసి, పాడైందమ్మా అంటే సరిపోయేది. కోడలు పర్లేదు అత్తయ్యా అనేది. ఆ పర్లేదు ఇంకొక్కసారి వినడం సూదమ్మ వల్ల కాలేదు. లోపలికి వెళ్ళి సన్న సూది, బూడిదరంగు నూలుదారం తెచ్చింది. మూడు అంగుళాలనీ లోపలివైపు నుంచి, పోగుపోగునీ పట్టుకుని కలిపింది. పైనా లోపలా చిటికెడు ఉన్ని కప్పి, సబ్బునీళ్ళతో రుద్దింది. చివరికి తానే వెతికినా కుట్టు కనపడలేదు.

కోడలు వచ్చి రెండు చెప్పులూ చేతిలోకి తీసుకుంది. అక్కడక్కడా గిల్లి చూసింది. గిల్లితే పోగులు పైకి లేవకూడదు. ఒక్క పోగూ లేవలేదు.

"అత్తయ్యా, నాకు ఇలాంటి జత రావడానికి ఆర్నెల్లు పట్టింది," అంది. సాయంత్రం మొగుణ్ణి పిలిచి మరీ చూపించింది. కొడుకు తల్లి భుజం తట్టాడు. సూదమ్మకి ఆ పొగడ్త తియ్యగానే ఉంది, గొంతు దిగేదాకా.

"ఇది పోస్టుమాన్ బాబాయ్‌గారి కొలతే. ఆయనవి ఇంకా మొదలెట్టలేదు, ఇవే ఇచ్చేద్దాం," అంది కోడలు.

"మొదటి జత కదమ్మా. ఉండనీ," అంది సూదమ్మ.

"మొదటి జత మంచిమనిషి కాళ్ళకే వెళ్ళాలి."

చెప్పడానికి అప్పుడు సమయం ఉంది. కోడలు చెప్పుల్ని కాగితంలో చుడుతోంది. తాడు కోసం వెతికింది, దొరక్క మళ్ళీ వెతికింది. అంతసేపూ సూదమ్మ పక్కనే నిలబడి ఉంది. నా కుట్టు ఇంతవరకూ ఎవరికీ గుచ్చుకోలేదు, ఇరవై ఏళ్ళుగా ఆ కోట్లు వేసుకుని కోర్టుకి వెళ్తున్నారు అని తనకు తాను చెప్పుకుంది. తాడు ఆమెకే కనపడింది, ఆమే తీసి ఇచ్చింది.

పోస్టుమాన్ ఉండేది వీధి చివర మూడు గదుల ఇంట్లో, కూతురితో. ఉద్యోగం వదిలి ఏడేళ్ళైంది. "ఊరి గుమ్మాలన్నీ ఎక్కిన కాళ్ళమ్మా ఇవి. ఇప్పుడు నేను పిలిచినా పలకడం లేదు, పెన్షను తీసుకున్నాయి," అని తన పాదాల మీద తనే పరాచికాలాడేవాడు. కొత్త చెప్పులు వేసుకుని వీధంతా తిరిగాడు. ఎదురైన ప్రతివాళ్ళకీ, "సూదమ్మగారు సూది లేకుండా చేశారు, చూశారా," అని కాలు ఎత్తి చూపించాడు.

అప్పటినుంచి సూదమ్మ తేలు కుట్టిన దొంగలా అయింది. ఆయన కనపడితే చాలు, కళ్ళు ఆయన మొహం మీదికి కాక ఎడమకాలి మీదికి పోయేవి. కుంటుతున్నాడా లేదా అని చూసుకునేది. స్పర్శ లేని కాలు పుండు పడినా కుంటదన్న సంగతి ఆమెకు తట్టలేదు. కోడలి పక్కన కూర్చుని కళ్ళప్పగించి చూస్తే, అంచు ఉన్ని ఎందుకు వదలాలో ఆ వారమే అర్థమైంది. మళ్ళీ కత్తెర ముట్టుకోలేదు. ఆ తర్వాత చేసినవి నిజంగా బాగా వచ్చాయి. ఆసుపత్రివాళ్ళు వచ్చే నెలాఖరుకి వచ్చి తీసుకెళ్ళడానికి పదకొండు జతలు అరలో పేర్చింది. ఒక్కొక్కటి పేరుస్తున్నప్పుడల్లా ఆ ఒక్క జతా గుర్తొచ్చి మొహం వేడెక్కేది. వెళ్ళి వెనక్కి అడిగేద్దామని రెండుసార్లు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఏమని అడగాలో తోచక రెండుసార్లూ వెనక్కి తిరిగింది.

ఐదు వారాలు గడిచాయి. మూడు రోజులు వరసగా పోస్టుమాన్ వీధిలో కనపడలేదు. నాలుగో రోజు ఆయన కూతురు కాగితం సంచీ పట్టుకుని షెడ్డుకి వచ్చింది.

"మిమ్మల్ని అనడానికి రాలేదక్కా," అని కోడలితో ముందే అంది. "నాన్న సాక్సు మీద మరక చూశాను. చిటికెనవేలి పక్కన పుండు. ఆయనకేమీ తెలియలేదు. ఇంకో వారం చూడకపోతే వేలు తీసేయాల్సి వచ్చేదని నర్సు అంది. ఇప్పుడు కూడా తీయరని గట్టిగా చెప్పడం లేదు. రోజూ కట్టు కట్టాలి. చెప్పులు చూస్తే ఏమీ కనపడలేదట. అయినా మిమ్మల్ని ఒకసారి అడగమంది."

కోడలు సంచీలోకి చెయ్యి పెట్టింది. ఎడమకాలి చెప్పు తీసి లోపలికి వేళ్ళు పెట్టి తడిమింది. రెండోసారీ తడిమింది. ఐదు వారాల నడకకి ఉన్ని మెత్తబడి అణిగింది. నూలుదారం అణగలేదు, ఉన్ని కింద గట్టి గీతలా నిలిచింది. వేళ్ళకి ఏదో గట్టిగా తగిలింది గాని, అదేమిటో కోడలు పోల్చుకోలేకపోయింది.

"అంచు గట్టిపడింది. మడత సరిగ్గా రుద్దలేదు," అంది. "అత్తయ్య కొత్త. చూసి పంపాల్సింది నేను. తప్పు నాదే."

సూదమ్మ నాలుగడుగుల దూరంలో, మోచేతుల దాకా సబ్బునీళ్ళతో ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతానని లోపల కొట్టుకుంటోంది. మూతి మాత్రం కుట్టేసినట్టు ఉంది. పోస్టుమాన్ కూతురు వెళ్ళిపోయేదాకా ఆమె ఒకే ఉన్ని ముక్కని రుద్దుతూనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం కోడలు ఆయన ఇంటికి వెళ్ళి చేతులు జోడించి వచ్చింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి, ఇక తనకు ఎవరి కొలతలూ పంపవద్దని చెప్పేసింది. మిగిలిన ఉన్నిని గోనెల్లో కుక్కి మూతి కట్టింది. నాలుగేళ్ళుగా నేర్చుకున్న పని. భర్త ఏదో సర్దిచెప్పబోతే, "నా చేతికి తెలియనిది నేను ఇంకొకరి కాలికి ఎలా తొడుగుతాను," అంది.

రెండు రోజులు సూదమ్మకి ముద్ద దిగలేదు. జ్వరమేమోనని కోడలు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. టీ తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మీరు బాధపడకండి అత్తయ్యా. మీ తప్పేమీ లేదు," అంది.

సూదమ్మ తల కొట్టేసినట్టైంది. ఈ పిల్ల తనను తిట్టినా, చెయ్యి చేసుకున్నా ఇంత సిగ్గుపడేది కాదు. టీ గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్‌గారి కట్టు మార్చే వేళైంది కదా. నేనూ వస్తాను. ఆ చెప్పు కూడా పట్టుకురా," అంది.

ఇద్దరూ వీధి చివరికి నడిచారు. పోస్టుమాన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు దిండు మీద ఉంది. పాత గుడ్డ, కొత్త గుడ్డ, మందు సీసా పక్కన పెట్టుకుని కూతురు కింద కూర్చుంది. విప్పిన పాదం సూదమ్మ మొదటిసారి చూసింది. చిటికెనవేలి పక్కన మాంసం ఎర్రగా, మధ్యలో పసుపుగా ఉంది. చూపు తిప్పుకోబోయి, తిప్పుకోకూడదని తనను తాను ఆపుకుంది.

"అన్నయ్యగారూ, కోడలి తప్పేమీ లేదు. అది నేను కుట్టాను," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. సూదమ్మ చెప్పుని తిరగేసి, వెంట తెచ్చుకున్న సన్న కత్తెర మొనతో ఉన్ని పక్కకి తీసింది. అయినా కోడలికి దారం కనపడలేదు.

"ఎక్కడత్తయ్యా?"

"ఇక్కడ. ఇదిగో." కుట్టు మొదలు తెంపి దారం లాగింది. జానెడు దారం వచ్చింది. మూడు అంగుళాల మేర అంచు విచ్చుకుంది. "పాడైంది. నీకు చూపించడానికి సిగ్గేసింది. దాచాను. నువ్వు ఈయనకి ఇస్తానన్నప్పుడు కూడా చెప్పలేదు. మొన్న నువ్వు తప్పు నాదే అంటుంటే కూడా నోరు మూసుకుని కూర్చున్నాను."

ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే పోస్టుమాన్ ఆ రోజు ఏమీ ఆడలేదు. దారం వంకా, పాదం వంకా చూశాడు.

"ముందే చెప్పి ఉంటే నేను వేసుకునేవాణ్ణి కాదు కదమ్మా," అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అన్నాడు. సూదమ్మ క్షమించమని అడగాలని వచ్చింది గాని, ఆ పుండు ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. పోస్టుమాన్ కూతురు ఆమె వైపు చూడకుండానే కట్టు కట్టడం పూర్తి చేసింది.

తిరిగి వస్తున్నప్పుడు కోడలు పది అడుగులు ముందు నడిచింది. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి లైటు వేసింది. అరలోని పదకొండు జతలూ బల్ల మీదికి దించింది.

"వీటిల్లో ఎక్కడైనా ఉందా అత్తయ్యా?"

"లేదమ్మా. ఒక్కదాంట్లోనూ లేదు. ఒట్టు."

కోడలు తలూపింది. తలూపి కూడా మొదటి చెప్పు తీసుకుని లోపలంతా తడిమింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. పక్కన పెట్టి, మళ్ళీ తీసి తడిమింది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను నమ్మాలనే చూస్తున్నాను," అంది. "మీ కుట్టు నాకు చేతికి అందదు, కంటికి ఆనదు. ఎలా నమ్మను?"

సూదమ్మ కత్తెర అందుకుంది. అవి ఆమె తన చేతులతో, ఏ దొంగతనమూ లేకుండా, నిజంగా నేర్చుకుని చేసిన జతలు. మొదటి చెప్పుని అంచు వెంబడి చిటికెనవేలి నుంచి మడమ దాకా కోసి, విప్పి, కోడలి ముందు పెట్టింది. లోపల ఉన్ని తప్ప ఏమీ లేదు. దాని జతనీ కోసింది. రెండో జతనీ కోసింది. ఎక్కడా దారం పోగు లేదు.

మూడో జత చేతిలోకి తీసుకుని, ఇక చాలత్తయ్యా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగింది.

కోడలు అనలేదు. కళ్ళు తుడుచుకుని, బాగా కనపడేలా స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది.